వంపు తలాల మీద స్కెచ్: పల్నాటి రాయి నుంచి క్యాడ్ తెర దాకా

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు స్కెచ్ అంటే సమతలం మీద గీసే బొమ్మ. సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్, క్రియో, ఫ్రీక్యాడ్, ఏది తెరిచినా అలాంటి స్కెచ్ మొదలుపెట్టాలంటే ముందు ఒక తలాన్ని ఎంచుకోవాలి. ఆ తలం బల్లపరుపుగా ఉండాలి. గుండ్రటి స్తంభం ఒంటి మీదో కలశం పొట్ట మీదో నేరుగా క్లిక్ చేసి గీయడం మొదలుపెడదామంటే కుదరదు. వంపు మీద బొమ్మ కావాలంటే వేరే కమాండ్లు వాడాలి. అవి సాఫ్ట్‌వేర్‌కు ఒక పేరుతో, మెనూకు ఒక మూలన ఉంటాయి. ఒకే పనికి ఇన్ని కమాండ్లు ఎందుకున్నాయో, వాటిలో ఏది ఎప్పుడు వాడాలో చాలా పాఠ్యపుస్తకాలు చెప్పవు.

సమతలానికే ఈ పట్టుదల ఎందుకంటే 1963 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధనగా సమర్పించిన స్కెచ్‌ప్యాడ్, లైట్ పెన్నుతో తెర మీద గీతలు గీయించడంతో ఆగలేదు. గీతలకు షరతులు పెట్టనిచ్చింది. ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ ఒకే పొడవుండాలి, ఈ మూల లంబంగా ఉండాలి అని చెబితే బొమ్మ తనే సర్దుకునేది. 1980ల చివర ప్రో/ఇంజనీర్ వచ్చాక ఈ షరతులే యంత్రభాగాల డిజైన్‌కు పునాది అయ్యాయి. ఒక కొలత మారిస్తే మోడల్ అంతా దానికి తగ్గట్టు మారడం అప్పటినుంచీ మామూలైపోయింది.

ఆ షరతుల వెనకున్న లెక్క బల్లపరుపు జ్యామితిది. వంపు మీదకు వెళ్లగానే దాని కాళ్లు తేలిపోతాయి. గోళం మీద సరళరేఖ ఉండదు. దాని స్థానంలో జియోడెసిక్ ఉంటుంది, అంటే తలాన్ని వదలకుండా రెండు బిందువుల మధ్య వెళ్లే అతి దగ్గరి దారి. గోళం మీద ఏ రెండు జియోడెసిక్‌లను పొడిగించినా ఎక్కడో ఒకచోట కలుస్తాయి. కాబట్టి సమాంతరం అన్న షరతుకే అక్కడ చోటు లేదు. నాలుగు లంబకోణాల దీర్ఘచతురస్రమూ ఉండదు. 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న గోళం మీద జియోడెసిక్ భుజాలతో 10,000 చదరపు మిల్లీమీటర్ల చతుర్భుజం గీస్తే, దాని కోణాల మొత్తం 360 డిగ్రీలు దాటి ఇంకో 25 డిగ్రీలకు పైగా ఉంటుంది. సగటున ఒక్కో మూల 96 డిగ్రీలు దాటుతుందన్నమాట. స్కెచ్‌లో పెట్టిన లంబకోణపు గుర్తుకు ఇక్కడ విలువేముంది? వంపు మీద స్కెచ్ అని మెనూలో ఏ పేరుతో కనిపించినా, అది చాలావరకు సమతలంలో గీసిన బొమ్మను వంపు మీదకు మోసుకెళ్లే పద్ధతే. మోసుకెళ్లే దారిలో ఏదో ఒకటి చెడుతుంది. ఏది చెడినా పర్వాలేదో, ఏది చెడకూడదో ముందే తేల్చుకోవడంలోనే అసలు పని ఉంది.

పలకల స్తూపం

చదును బొమ్మను వంపు మీదకు మోసుకెళ్లే ప్రశ్న పల్నాడుకు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడ్డ పల్నాడు జిల్లాలోనే పాత అమరావతి ఊరూ, మాచర్ల వైపు నాగార్జునకొండా ఉన్నాయి. రెండు చోట్లా స్తూపాలకు తొడిగినది ఈ నేలలో దొరికే లేత ఆకుపచ్చ, బూడిద రంగుల సున్నపురాయి. పాత ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని పల్నాడు మార్బుల్ అన్నాయి గానీ అది పాలరాయి కాదు. ఈ సున్నపురాయి పొరలే పిడుగురాళ్ల బట్టీలకు సున్నాన్ని, మాచర్ల చుట్టుపక్కల ఇళ్లకు నేల పరిచే బండల్ని ఇస్తున్నాయి. పొరలుగా విడిపోయే రాయి సహజంగానే పలకలుగా వస్తుంది. స్తూపమేమో గుండ్రం. పలకను గుండ్రానికి ఎలా కప్పాలన్నది ఇక్కడి రాతిపనివాళ్లు సుమారు రెండు వేల ఏళ్ల కిందటే తేల్చుకున్న సంగతి.

కొలతలు చూస్తే వాళ్ల జవాబు అర్థమవుతుంది. అమరావతి స్తూపం అండం (గుమ్మటం) వ్యాసం సుమారు 49 మీటర్లు. అంటే వ్యాసార్ధం 24.5 మీటర్లు. ఆ చుట్టుకొలత మీద ఒక మీటరు వెడల్పున్న చదును పలకను ఆనిస్తే, పలక నడిమికీ అసలు వంపుకీ మధ్య తేడా 5 మిల్లీమీటర్లు మాత్రమే. నాగార్జునకొండలోని పెద్ద స్తూపం, మహాచైత్యం, వ్యాసం 106 అడుగులు. అక్కడ అదే పలకకు తేడా దాదాపు 8 మిల్లీమీటర్లు. అంగుళాల లోతున చెక్కిన శిల్పంలో ఈ మాత్రం తేడా కంటికి ఆనదు. కనుక చుట్టుకొలత దిశలో చూస్తే శిల్పి పలకను నేల మీద పడుకోబెట్టి చదునుగా గీసుకుని, చదునుగా చెక్కి నిలబెట్టినా నష్టం లేదు. వందకు పైగా చదును ముఖాలు కలిసి ఒక గుండ్రమైపోతాయి.

నేటి క్యాడ్ భాషలో దీని పేరు మెష్. త్రీడీ ప్రింటర్‌కు పంపే ఎస్‌టీఎల్ ఫైలులో ప్రతి వంపూ చిన్న చిన్న చదును త్రిభుజాలుగా మారుతుంది. అసలు వంపుకీ త్రిభుజానికీ మధ్య ఎంత ఖాళీ ఉండొచ్చో ఎగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్తంభానికి ఆ ఖాళీ 0.1 మిల్లీమీటరు దాటకూడదంటే చుట్టూ సుమారు 86 ముఖాలు కావాలి. అమరావతి పలకల దగ్గరి తేడానూ, ఎస్‌టీఎల్ ఎగుమతిలో పెట్టే ఆ అంకెనూ శాసించేది ఒకే సూత్రం: ముఖం వెడల్పును దానితోనే హెచ్చించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే ఖాళీ ఎంతో వస్తుంది.

అయితే అన్ని భాగాలూ ఇంత తేలిగ్గా లొంగలేదు. అమరావతి ప్రాకారంలో నిలువు స్తంభాల మధ్య దూర్చిన అడ్డు కమ్మీలను సూచులంటారు. వాటి అడ్డుకోత చదరంగా ఉండదు. రెండు వైపులా మెల్లగా ఉబ్బి కంటి ఆకారంలో ఉంటుంది. ఆ సూచుల మీద పద్మాలు పరుచుకున్నాయి. ఇక్కడ వంపు వ్యాసార్ధం మీటర్లలో లేదు, చాలా చిన్నది. చదును పలక ఉపాయం పనిచేయని చోటు ఇదే. దుర్గి శిల్పులకు నేటికీ ఎదురయ్యేది కూడా ఇలాంటి చోటే. మాచర్ల ప్రాంతంలోని ఈ ఊరి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. విగ్రహం భుజం మీద హారం, గుండ్రటి పీఠం చుట్టూ రేకులు, కుంభం పొట్ట మీద లత, వీటిలో ఏదీ చదును ముఖం మీద కూర్చోదు.

చుట్టగలిగేవి, చుట్టలేనివి

వంపుల్లో రెండు జాతులున్నాయి. స్తూపాకారం (సిలిండర్), శంకువు లాంటివి ఒక జాతి. వీటిని ఒక నిలువు గీత వెంట కోసి నేల మీద పరిస్తే ముడతా చిరుగూ లేకుండా చదునవుతాయి. ఇలాంటి తలాలేమేమిటో గణితవేత్త ఆయిలర్ 1772లోనే విచారించాడు. గోళం, గుమ్మటం, కలశం రెండో జాతి. వీటిని ఎలా కోసినా సాగదీయకుండా చదును చేయలేం. కారణాన్ని 1827లో మరో గణితవేత్త గాస్ నిరూపించాడు. తలం మీద ప్రతి బిందువు దగ్గరా రెండు ముఖ్య వంపుల లబ్ధాన్ని గాసియన్ వక్రత అంటారు. సాగకుండా ముడుచుకోకుండా తలాన్ని ఎంత వంచినా ఆ లబ్ధం మారదు. కాగితానికి అది సున్నా, స్తూపాకారానికీ సున్నా, గోళానికి సున్నా కాదు. అందువల్ల కాగితం స్తంభాన్ని చుట్టుకోగలదు, గోళాన్ని చుట్టుకోలేదు. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎంత కష్టపడినా ఈ సంగతిని మార్చలేదు.

మొదటి జాతి లెక్క ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గ్రాఫిక్స్‌లో సర్ఫేస్ డెవలప్‌మెంట్ పేరుతో వస్తుంది. నరసరావుపేట కాలేజీల్లో డ్రాయింగ్ షీటు మీద సిలిండర్‌ను, కోన్‌ను విప్పి గీసిన విద్యార్థికి, క్యాడ్‌లో బొమ్మను తలానికి చుట్టే ర్యాప్ కమాండ్ చేసేది దాని తిరగేతేనని సాధారణంగా ఎవరూ చెప్పరు. ఈ లెక్క గుడి పనిలో ఎక్కడ పనికొస్తుందో చూడాలంటే ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు చాలు. రేకు మీద బొమ్మలు చదునుగా ఉండగానే కొట్టి, తర్వాత చుట్టాలి. స్తంభం అడుగున 300, కొసన 240 మిల్లీమీటర్ల వ్యాసంతో ఆరు మీటర్ల ఎత్తుందనుకుంటే, అది నిజానికి చాలా పొడవైన శంకువులో ఒక ముక్క. విప్పితే అడుగు అంచు సరళరేఖ కాదు, 30 మీటర్ల వ్యాసార్ధమున్న చాపం. 942 మిల్లీమీటర్ల ఆ అంచు నడిమిలో సరళరేఖకు దాదాపు 4 మిల్లీమీటర్లు దూరంగా వంగుతుంది. రేకును నేరు అంచుతో కోసి చుట్టిన చోట అతుకు దగ్గర అంచులు ఎందుకు కలవవో ఆ నాలుగు మిల్లీమీటర్లే చెబుతాయి.

రెండో జాతికి గోళం మీద పద్మమే తగిన ఉదాహరణ. 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న గుండు మీద, నడి బిందువు నుంచి తలం వెంటే 100 మిల్లీమీటర్లు కొలిచి వలయం గీస్తే దాని చుట్టుకొలత 583 మిల్లీమీటర్లు. అదే కాగితం మీదైతే 628. పదహారు రేకుల పద్మంలో ఒక్కో రేకు వెడల్పు అంచు దగ్గర 39 నుంచి 36 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఆ తేడాను ఎక్కడ ఎలా పంచాలన్నదే రెండో జాతి తలాల మీద వచ్చే ప్రతి పద్ధతికీ మూల ప్రశ్న.

మోసుకెళ్లే దారులు

మొదటిది, అందరూ ముందుగా పట్టేది, ప్రొజెక్షన్. వంపుకు ఎదురుగా ఒక సమతలం పెట్టి, అందులో గీసి, ఆ గీతలను ఒకే దిశలో వంపు మీదకు నెట్టడం. సాలిడ్‌వర్క్స్‌లో ప్రొజెక్ట్ కర్వ్, స్ప్లిట్ లైన్, ఇన్వెంటర్‌లో ప్రొజెక్ట్ టు సర్ఫేస్, రైనోలో ప్రొజెక్ట్, ఫ్రీక్యాడ్ పార్ట్ వర్క్‌బెంచ్‌లో సర్ఫేస్ మీదకు ప్రొజెక్షన్, అన్నీ ఇదే పని చేస్తాయి. ఎదురుగా నిలబడి చూసేవాడికి బొమ్మ గీసినది గీసినట్టే కనిపిస్తుంది. పక్కకు జరిగితే సాగిపోయి ఉంటుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న స్తంభానికి ఎదురుగా నడిమి నుంచి 100 మిల్లీమీటర్ల దూరం గీస్తే స్తంభం ఒంటి మీద అది 109 అవుతుంది. అది పెద్ద నష్టంలా కనిపించదు గానీ, ఆ చివర దగ్గర మాత్రం సాగుడు 34 శాతం ఉంటుంది. 140 మిల్లీమీటర్ల దాకా వెళ్తే అంచు దగ్గర ప్రతి మిల్లీమీటరూ 2.8 మిల్లీమీటర్లుగా సాగుతుంది. గుడి ముందు నిలబడ్డవారికి మాత్రమే కనబడాల్సిన ద్వారపాలకుడి కిరీటానికి ఇది సరిపోతుంది. స్తంభం చుట్టూ తిరుగుతూ చదవాల్సిన పేర్ల పట్టికకు పనికిరాదు. తేలిక కనుక దీన్నే అన్నిటికీ వాడేయడం చాలామందికి అలవాటు. వంపు మీద అక్షరాలు చెడిపోవడానికి ఈ అలవాటూ ఒక కారణం.

ప్రొజెక్షన్‌కు ఒక తమ్ముడున్నాడు. ఒకే దిశలో నెట్టకుండా, ప్రతి బిందువును తలానికి అతి దగ్గరి చోటుకు లాగడం. రైనోలో దీన్ని పుల్ అంటారు. తలానికి దగ్గరగా ఇప్పటికే ఒక త్రీడీ గీత ఉన్నప్పుడు దాన్ని సరిగ్గా తలం మీద కూర్చోబెట్టడానికి మంచిది. కొత్తగా బొమ్మ వేయడానికి ఇది సరైన దారి కాదు.

రెండోది ర్యాప్, అంటే చుట్టడం. మొదటి జాతి తలాలకు దీన్ని మించినది లేదు, పొడవు ఎక్కడా మారదు. సాలిడ్‌వర్క్స్‌లో ర్యాప్ కమాండ్‌తో బొమ్మను ఉబ్బెత్తుగానో, లోతుగానో, ఉత్త గీతగానో పెట్టవచ్చు. ఇన్వెంటర్‌లో ఎంబాస్ కమాండ్ కింద ఫేస్‌కు చుట్టే ఎంపిక స్తూపాకారానికీ శంకువుకూ మాత్రమే ఉంది. ఇది లోపమని విసుక్కునేవారున్నారు గానీ, ఆ నిషేధం నిజాయితీగలది. గోళం మీద చుట్టమంటే గాస్ ఒప్పుకోడు. సాలిడ్‌వర్క్స్ తర్వాతి వెర్షన్లలో ఏ వంపు మీదైనా చుట్టే ఎంపిక ఇచ్చింది. అక్కడ పొడవు చెక్కుచెదరదన్న హామీ పోయింది, దాదాపుగా అన్న మాట మిగిలింది. క్యాటియాలో డెవలప్, క్రియోలో ర్యాప్, ఎన్‌ఎక్స్‌లో ర్యాప్-అన్‌ర్యాప్ ఇదే కుటుంబం.

మూడోది యూ-వీ దారి. దీని గురించి ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మోడల్ లోపల అసలు ఉన్నది ఇదే. బెజియే రెనోలో, డి కాస్టెల్జో సిట్రోయెన్‌లో కార్ల ఒళ్ల కోసం మొదలుపెట్టిన వంపుల లెక్క, 1970ల్లో నర్బ్స్‌గా స్థిరపడింది. ఈ లెక్కలో ప్రతి వంపు తలం వెనకా ఒక చదును దీర్ఘచతురస్రం ఉంటుంది. దాని ఒక అంచు యూ, ఇంకోటి వీ. ఆ దీర్ఘచతురస్రంలోని ప్రతి బిందువుకూ వంపు మీద ఒక బిందువు జత. ఫేస్‌ను కత్తిరించిన అంచు గీతలు కూడా సాఫ్ట్‌వేర్ లోపల రెండుసార్లు రాసి ఉంటాయి, ఒకసారి త్రీడీలో, ఇంకోసారి యూ-వీలో. కాబట్టి ఆ దీర్ఘచతురస్రంలో బొమ్మ గీస్తే అది నేరుగా వంపు మీద వాలుతుంది. ఫ్రీక్యాడ్‌కు అదనంగా చేర్చుకునే కర్వ్స్ వర్క్‌బెంచ్‌లోని స్కెచ్ ఆన్ సర్ఫేస్ సరిగ్గా ఇదే చేస్తుంది. ఫేస్‌ను ఎంచుకుంటే దాని యూ-వీ సరిహద్దులున్న మామూలు స్కెచ్ తెరుచుకుంటుంది. లోపల షరతులతో, కొలతలతో గీసుకోవచ్చు. పని అయ్యాక యూ, వీలను తిరగేయడం, అటుదిటు మార్చడం, తలం నుంచి కొంచెం పైకి లేపడం, ముఖాలను నింపడం లాంటి ఎంపికలుంటాయి. రైనోలో క్రియేట్-యూవీ-కర్వ్, అప్లై-కర్వ్ జంటతో ఇదే పని చేయవచ్చు. ఫ్లో ఎలాంగ్ సర్ఫేస్ ఇంకో అడుగు ముందుకు వేసి, గీతలనే కాదు, ఉబ్బెత్తు బొమ్మలను కూడా వంపు మీదకు ప్రవహింపజేస్తుంది.

యూ-వీలో చిక్కేమిటంటే ఆ దీర్ఘచతురస్రపు కొలతలకు తలం మీది మిల్లీమీటర్లతో నిలకడైన సంబంధం లేదు. గోళం మీద యూ రేఖాంశం, వీ అక్షాంశం. 150 మిల్లీమీటర్ల గోళం మీద 30 డిగ్రీల వెడల్పు భూమధ్యరేఖ దగ్గర 78.5 మిల్లీమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 39 మిల్లీమీటర్లు. ధ్రువం దగ్గర సున్నా. అక్కడ దీర్ఘచతురస్రపు ఒక అంచు మొత్తం ఒకే బిందువుగా ముడుచుకుంటుంది. దాని మీదుగా గీసిన బొమ్మ పూర్తిగా పాడవుతుంది. చేత్తో మలిచిన నర్బ్స్ తలాల మీద ఇంకో రకం ఇబ్బంది. నియంత్రణ బిందువులు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటే అదే వెడల్పు అక్షరాలు ఒకచోట సన్నగా, ఇంకోచోట బొద్దుగా తేలతాయి. యూ-వీ దారి పట్టే ముందు తలం మీద యూ, వీ గీతలను తెర మీద వేయించుకుని వాటి సాంద్రత చూడటం ఒక్క నిమిషం పని. ఆ నిమిషం చాలా గంటలను మిగులుస్తుంది.

అతుకు మరో సంగతి. స్తంభపు ఫేస్ చుట్టూ తిరిగి తనను తాను కలుసుకునే గీత దగ్గర యూ విలువ 360 నుంచి సున్నాకు దూకుతుంది. బొమ్మ ఆ గీతను దాటితే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, లేదా మొండికేస్తుంది. బొమ్మను అతుకుకు ఎదురు వైపు పెట్టడమో, స్తంభాన్ని తిప్పి అతుకును వెనక్కి నెట్టడమో ఉపాయం. కత్తిరించిన ఫేస్ విషయంలోనూ మోసపోయే వీలుంది. కంటికి కనిపించేది కత్తిరించిన ముక్క, యూ-వీ మాత్రం కత్తిరించక ముందున్న మొత్తం తలానిది కావచ్చు. అప్పుడు బొమ్మ అనుకున్న చోట కాక ఖాళీలో తేలుతుంది.

నాలుగో దారి వంపు మీదే గీయడం. క్యాటియాలో సపోర్ట్ మీద స్ప్లైన్, సాలిడ్‌వర్క్స్‌లో స్ప్లైన్ ఆన్ సర్ఫేస్, క్రియోలో కర్వ్ ఆన్ సర్ఫేస్ ఈ కోవలోవి. బిందువులు పెట్టుకుంటూ పోతే వాటి గుండా తలాన్ని వదలని గీత వస్తుంది. ఇక్కడ షరతులు తక్కువ, చేతి చూపు ఎక్కువ. ఊళ్లలో స్టీలు బిందెల మీద పేర్లు కొట్టేవాళ్ల పని ఇదే. వాళ్లు కాగితం మీద గీసుకుని తేరు, గుండ్రానికి తగ్గట్టు చుక్కలు పెట్టుకుంటూ పోతారు. శిల్పం మీద లతకూ ఆభరణానికీ ఈ దారే సరైనదని చెప్పవచ్చు. కొలిచి తీరాల్సిన పనికి దీన్ని వాడితే తర్వాత మార్పులు చేయడం నరకం.

పద్మానికి మాత్రం ప్రత్యేకమైన దారి ఉంది. నడి బిందువు నుంచి అన్ని దిక్కులకూ తలం వెంట దూరాలు కొలిచి, కోణాలను సమంగా పంచడం. గణితంలో దీన్ని ఎక్స్‌పొనెన్షియల్ మ్యాప్ అంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో బొమ్మలను వంపుల మీద అతికించడానికి దీన్ని వాడిన ముఖ్యమైన పరిశోధన 2006లో వచ్చింది. రాతి మీద నడిమిన మేకు ఆన్చి నూలు దారంతో వలయాలు గీస్తే జరిగేది ఇదే. దారం బదులు కాలిపర్ కాళ్లతో కొలిస్తే దూరం తలం వెంట కాక గాలిలో అడ్డంగా కొలుస్తున్నట్టు లెక్క. పై గుండు మీద కాలిపర్‌ను 100 మిల్లీమీటర్లకు తెరిచి గీసిన వలయం తలం వెంట నడిమికి 102 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. ఈ పద్ధతిలో నష్టం వలయం చుట్టూ సమానంగా పంచుకుపోతుంది. ఏ రేకూ పక్క రేకు కంటే చిన్నదవ్వదు. గోళం మీద పద్మాన్ని ప్రొజెక్షన్‌తో, అదీ పక్కనుంచి వేసిన చోట రేకులు ఒక వైపు ఈడ్చుకుపోవడం చూస్తే ఈ దారి విలువ తెలుస్తుంది.

మెష్ మీద, అక్షరాల మీద, మర మీద

స్కానర్‌తో శిల్పాన్ని కొలిస్తే వచ్చేది నర్బ్స్ కాదు, లక్షల త్రిభుజాల మెష్. దానికి యూ-వీ ఉండదు, తయారుచేయాలి. 2002లో బ్రూనో లెవీ, తోటి పరిశోధకులు ప్రతిపాదించిన ఎల్ఎస్‌సీఎం పద్ధతి, మెష్‌ను కొన్ని గీతల వెంట కోసి, కోణాలు వీలైనంత మారకుండా చదును చేస్తుంది. బ్లెండర్‌లో అన్‌ర్యాప్ కింద కన్ఫార్మల్ అన్న ఎంపిక దీనిదే. కోణాన్ని కాపాడితే వైశాల్యం చెడుతుంది. 1569లో మెర్కేటర్ ప్రపంచ పటంలో గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికా అంతగా కనిపించడానికి కారణం ఈ బేరమే. మెష్ మీద దగ్గరి దారులు లెక్కగట్టడం 1987 నుంచీ ఖచ్చితంగా తెలిసినా చాలా నెమ్మదిగా జరిగేది. 2013లో వచ్చిన హీట్ పద్ధతి ఒక చోట వేడి పుట్టించి అది తలం వెంట పాకే తీరునుంచి దూరాలను అంచనా వేస్తుంది. దానితో పెద్ద మెష్‌ల మీద కూడా జియోడెసిక్ దూరాలు త్వరగా దొరుకుతున్నాయి.

తెలుగు అక్షరాలు వంపు మీదకు వెళ్లకముందే ఒక దెబ్బ తింటాయి. కొన్ని క్యాడ్ సాఫ్ట్‌వేర్లు ఫాంటులోంచి ఒక్కో సంకేతానికి ఒక్కో ఆకారం తెచ్చి వరసగా పేరుస్తాయి. అలా పేరిస్తే ఒత్తులు కిందకు దిగవు, గుణింతాలు హల్లుకు అంటుకోవు. ముందు ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీగానో డీఎక్స్‌ఎఫ్‌గానో తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. తర్వాతది తెలుగు లిపి స్వభావం. దాదాపు ప్రతి అక్షరంలోనూ గుండ్రటి మలుపు ఉంటుంది. నిలువు కడ్డీలు నిండిన లిపిలో అడ్డంగా 10 శాతం సాగితే కంటికి ఆనకపోవచ్చు. తెలుగులో అదే సాగుడు సున్నను గుడ్డు చేస్తుంది, వెంటనే పట్టుబడుతుంది. కనుక శిలాఫలకం పీఠం గుండ్రంగా ఉంటే తెలుగుకు ర్యాప్ తప్ప వేరే మాట అనవసరం. గుమ్మటం మీదైతే పేరు మొత్తాన్ని ఒకేసారి పంపకుండా అక్షరం అక్షరాన్ని విడిగా, దాని నడిమి దగ్గర తలానికి ఆనే చదును మీంచి దింపడం మంచిది. చిన్న ముక్కకు వంపు నష్టం చాలా తక్కువ. అమరావతి పలకల లెక్క ఇక్కడా పనిచేస్తుంది.

లోతు విషయంలో సాఫ్ట్‌వేర్‌ను ఇంకో ప్రశ్న అడగాలి. చెక్కడం ఏ దిశలో? ప్రొజెక్షన్‌తో వచ్చిన గీతను అదే దిశలో లోపలికి తోస్తే నడిమిలో గోడలు తలానికి నిటారుగా ఉంటాయి, అంచుల్లో వాలిపోతాయి. తలానికి లంబంగా తోస్తే అంతటా ఒకే లోతు వస్తుంది, అడుగు మాత్రం ఇరుకవుతుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న స్తంభంలో 5 మిల్లీమీటర్ల లోతున అడుగు వ్యాసార్ధం 145. అక్షరం అడుగున 3 శాతానికి పైగా సన్నబడుతుంది. ఉబ్బెత్తు పనిలో ఇది తిరగబడి, పైముఖం వెడల్పవుతుంది.

రాయి చెక్కే సీఎన్‌సీ మర దగ్గర ఈ ఎంపికలన్నీ మళ్లీ ముందుకొస్తాయి. మూడు అక్షాల మరలో పనిముట్టు పైనుంచి నిటారుగా దిగుతుంది. అంటే మర స్వభావమే ప్రొజెక్షన్. ఎదురుగా ఉన్న భాగాన్ని బాగా చెక్కుతుంది. పక్కలకు వెళ్లేకొద్దీ పనిముట్టు రాతిని గీకుతూ పోతుంది, స్తంభం వెనక వైపు అందదు. రోటరీ అక్షం బిగించిన మరలో రాయే తిరుగుతుంది. అప్పుడు చదును బొమ్మలో అడ్డం దూరం నేరుగా తిప్పే కోణంగా మారుతుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసానికి ఒక్కో మిల్లీమీటరుకూ 0.382 డిగ్రీలు. ర్యాప్ కమాండ్ తెర మీద చేసిన లెక్కనే మర ఇరుసు మీద చేస్తుంది. చాలాసార్లు త్రీడీ మోడల్ అక్కర్లేకుండానే చదును బొమ్మను నేరుగా రోటరీ మరకు ఇచ్చి స్తంభాన్ని చెక్కించవచ్చు. కలశం, గుమ్మటం లాంటి రెండో జాతి తలాల మీద అంతటా తలానికి నిటారుగా చెక్కాలంటే పనిముట్టు కూడా వాలే ఐదు అక్షాల మర కావాలి. అది లేని చోట మర ముతక ఆకారం దించాక సన్న గీత మళ్లీ ఉలి చేతికే వస్తుంది.

వంపు మీదినుంచి చదునుకు తిరిగి రావడం కూడా ఈ ప్రశ్నలో సగభాగమే. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బను చూసి, 1816లో మళ్లీ వచ్చి, తన చిత్రకారులతో శిల్పాలను కాగితం మీదకు ఎక్కించాడు. వాళ్లు గీసింది కంటికి ఎదురుగా కనిపించినది, అంటే ప్రొజెక్షన్. శాసన పరిశోధకులు అనుసరించే దారి వేరు. తడి కాగితాన్ని రాతికి అద్ది, కుచ్చుతో కొట్టి, సిరా పూసి తీసే అచ్చు ఒక విధమైన అన్‌ర్యాప్. గుండ్రటి స్తంభం మీద అది పొడవుల్ని ఉన్నవున్నట్టు చదును చేస్తుంది. ఉబ్బెత్తు రాయి మీద ముడత పడుతుంది, లేదా కాగితాన్ని కోసి రెండు ముక్కలుగా తీయాలి. స్కాన్ చేసిన మెష్‌ను విప్పేటప్పుడు ఎక్కడ కోయాలో సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్న అదే. నాగార్జునకొండ దీవి మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో చెల్లాచెదురుగా ఉన్న పల్నాటి పలకలను తెర మీద మళ్లీ ఒక గుండ్రంగా పేర్చాలంటే, పలకలో మిగిలిన వంపు ఎంతో ముందు కొలవాలి. మీటరు వెడల్పు పలకలో 5 మిల్లీమీటర్ల ఉబ్బు ఉంటే అది 24.5 మీటర్ల వ్యాసార్ధమున్న చోటిది. 8 ఉంటే 16 మీటర్ల దరిదాపుల్లోది. ఉబ్బు బొత్తిగా లేకపోతే ఆ పలక చదునుగానే చెక్కి ఆనించినది, దాని చోటు తేల్చడానికి అంచులూ శిల్పం కొనసాగింపూ ఆధారం కావాలి.